ముఖ్య అతిథి గారూ, వాళ్ళేం అడిగారో కూడా చెప్పండి

పంద్రాగస్టు నాడు మా ఊరి బళ్ళో జెండా ఎగరేయడానికి విచ్చేస్తున్న ముఖ్య అతిథి గారికి,

తమరెవరో ఇంకా తేలలేదు. ఎమ్మెల్యే గారు కావచ్చు. ఆయనకు జిల్లా కేంద్రంలో పని పడితే మండలాధికారి కావచ్చు, అదీ కుదరకపోతే బడికి బెంచీలు ఇచ్చిన దాత కావచ్చు. ఎవరు వచ్చినా ఈ ఉత్తరం సరిపోతుంది. ఎందుకంటే ఎవరు వచ్చినా ప్రసంగం అదే. కండువా రంగును బట్టి రెండు పేర్లు ముందుకొస్తాయి, రెండు వెనక్కి పోతాయి, ఒకటో అరో మొత్తానికే మాయమవుతాయి. మిగతాదంతా నిరుటిదే.

నేను సర్కారు బళ్ళో సోషల్ చెప్పి రిటైరైన పంతుల్ని. జనగామ చుట్టుపక్కలే నా నౌకరంతా గడిచింది. "ముఖ్య అతిథి గారు తమ అమూల్యమైన సందేశాన్ని అందించవలసిందిగా కోరుతున్నాం" అని మైకులో పిలిచే పని చాలా ఏళ్ళు నా మెడకే ఉండేది. పిలిచి, పక్కకు జరిగి, వక్త వెనకాల నిలబడేవాణ్ణి. అక్కణ్ణుంచి చూస్తే ఎండలో వరుసలు కట్టిన పిల్లలు కనిపిస్తారు. ఐదో తరగతి వరుసలో ఎవరో ఒకరు కళ్ళు తిరిగి పడిపోయేది దాదాపు ఎప్పుడూ "అమరవీరుల త్యాగాలు" అనే చోటనే. ఎండకు మా పిల్లలు అలవాటు పడ్డారు గనక దాని మీద ఫిర్యాదు లేదు. ప్రసంగంలో ఉన్నదాని మీద కూడా పెద్దగా లేదు. అందులోంచి తీసేసినదాని గురించే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

ముందు లెక్కలు. మనం ఎన్నేళ్ళు బానిసలుగా ఉన్నాం? ఒక పార్టీ వక్త రెండు వందల ఏళ్ళంటారు. ఇంకో పార్టీ వక్త వెయ్యేళ్ళంటారు. నాయకుడు పార్టీ మారితే దేశ చరిత్రకు ఒక్క రాత్రిలో ఎనిమిది వందల ఏళ్ళు కలుస్తాయి, తిరిగి సొంత గూటికి వస్తే అంతే వేగంగా పోతాయి. పిల్లలు మాత్రం పరీక్షలో ఏ లెక్క రాయాలో తెలీక నన్ను అడిగేవారు. పుస్తకంలో ఉన్నది రాయండ్రా అనేవాణ్ణి. ఆ పుస్తకం కూడా ప్రభుత్వాన్ని బట్టి మారుతుందని అప్పటికి వాళ్ళకు తెలీదు.

తర్వాత "1947 ఆగస్టు 15న యావద్భారతం సంబరాల్లో మునిగిపోయింది" అనే వాక్యం వస్తుంది. ఆ వాక్యం తమరు పలికే నేల మీద ఆ రోజున నిజాం పాలనలో త్రివర్ణ పతాకం ఎగరేయడం నేరం. హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో జెండా ఎగరేసిన స్వామి రామానంద తీర్థను ఆ రోజే పట్టుకుని జైల్లో వేశారు. సెప్టెంబర్ 2న పరకాలలో జెండా పట్టుకుని వచ్చిన జనం మీద కాల్పులు జరిపితే 22 మంది చనిపోయారు. అటు గోదావరి ఒడ్డున యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళ జెండాయే ఎగిరింది. అంతెందుకు, గాంధీగారే ఆ రోజు ఢిల్లీ సంబరాల్లో లేరు. కలకత్తా బేలియాఘాటాలో హైదరీ మంజిల్ అనే పాత ఇంట్లో ఉపవాసం ఉండి, రాట్నం తిప్పుతూ గడిపారు. హిందువులూ ముస్లింలూ ఒకరినొకరు నరుక్కోకుండా చూడటమే ఆయనకు ఆనాటి పని. గాంధీగారి బొమ్మకు దండ వేసేటప్పుడు ఈ ముక్క చెప్పిన అతిథిని నేను ఒక్కరినీ చూడలేదు. చెబితే సంబరం చెడిపోతుందని కాబోలు.

ఇక అసలు సంగతికి వస్తాను. తమ ప్రసంగంలో అమరవీరులు చచ్చిపోవడానికే పుడతారు. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తుపాకీ గుండు, "నేలకొరిగారు", చప్పట్లు. పుట్టుకకూ చావుకూ నడుమ వాళ్ళు ఏదో ఒకటి అడిగారు. ఎవరినో ఒకరిని అడిగారు. అడిగింది ఇవ్వలేదు గనకే కొట్లాడారు. ఏమడిగారు, ఎవరినడిగారు, వాళ్ళెందుకివ్వలేదు అనే మూడు విషయాల దగ్గరికి రాగానే తమ గొంతులో ఏదో అడ్డం పడుతుంది, మంచినీళ్ళ సీసా అందుకుంటారు, తర్వాతి పేరుకు వెళ్ళిపోతారు.

జూలై 4నే తీసుకోండి. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది ఆ రోజున. 1946లో మా పక్కనే కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు కూలిపోయింది ఆ రోజున. 1963లో పింగళి వెంకయ్య కన్నుమూసింది కూడా ఆ రోజునే. ఒక్క పొద్దుకు మూడు దండలు. నాయకులకు ఇంత సౌకర్యంగా చరిత్ర ఎప్పుడో గాని కుదరదు.

కొమరయ్యను కాల్చింది తెల్లవాడు కాదు. నిజాం సైన్యం కూడా కాదు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. వెట్టిని ఎదిరించే ఊరి సంఘం వాళ్ళు ఊరేగింపుగా వెళ్తుంటే దొర గడీ మీంచి వచ్చిన గుండ్లవి. ఆ సంఘం అడిగిందేమిటి? వెట్టిచాకిరీ చెయ్యం, కూలి లేని పని వద్దు, లెవీ పేరుతో గింజలు ఊడ్చుకుపోవద్దు, దున్నేవాణ్ణి భూమి మీంచి వెళ్ళగొట్టొద్దు. ఇందులో తెల్లదొర ప్రస్తావన ఎక్కడైనా ఉందా? మా పల్లెల్లో చాలామంది తెల్లవాడి ముఖమే చూడలేదు. వాళ్ళకు తెలిసిన దొర పక్క వీధి దొరే. అందుకే తమకు బ్రిటిష్ వాడంటే అంత కోపం, దేశ్‌ముఖ్ అంటే అంత మరపు. బ్రిటిష్ వాడి మనవడు మన నియోజకవర్గంలో ఓటు వెయ్యడు కదా.

ఐలమ్మ దగ్గర ఈ మరపు ఇంకా అందంగా పనిచేస్తుంది. "వీరనారి చాకలి ఐలమ్మ" అనగానే సభ చప్పట్లు కొడుతుంది. ఆమె విగ్రహం లేని మండలం మా జిల్లాలో లేదేమో. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, సంతోషం. ఆమె కథ ఇదీ: పాలకుర్తిలో చాకలి కుటుంబం. మల్లంపల్లి భూస్వామి భూమిని కౌలుకు తీసుకుని సాగు చేసింది. పంట చేతికొచ్చే వేళకు విసునూరు దేశ్‌ముఖ్ కన్ను దాని మీద పడింది. భూమి నాదన్నాడు, పంట నాదన్నాడు. కేసులు పెట్టించాడు. సంఘం వాళ్ళు వచ్చి వరి కోసి, కొట్టి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. నేను పండించిన పంట నాది. ఆమె మాట మొత్తం ఇంతే.

ఇప్పుడు మనవి చేసుకుంటున్నాను, ఆగ్రహించకండి. 2018లో రైతుబంధు అనే పెట్టుబడి సాయం మొదలైనప్పుడు ఐలమ్మ బతికుండి అదే భూమిని అదే కౌలుకు చేస్తుంటే, ఆమెకు ఒక్క రూపాయి వచ్చేది కాదు. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వారికే ఆ డబ్బు అన్నారు. పంట ఐలమ్మది, పెట్టుబడి అప్పు ఐలమ్మది, వడగళ్ళు పడితే నష్టం ఐలమ్మది, పెట్టుబడి సాయం వచ్చిందనే మెసేజ్ మాత్రం పట్టాదారు ఫోనుకు. ఆ పట్టాదారు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నా అడ్డేమీ లేదు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఏకంగా చట్టం చేశారు. ఆ కార్డు తన దగ్గరుందని చెప్పే కౌలుదారు తమరికి ఎదురైతే నాకూ చూపించండి. ఐలమ్మ విగ్రహానికి పూలు చల్లి, కారెక్కి, కౌలుదారులు ఇచ్చిన అర్జీని పీఏ చేతికి అందించడం అన్ని పార్టీల వారికీ వచ్చిన విద్య. ఈ విషయంలో నేను ఏ ఒక్కరినీ తక్కువ చేయను.

కొమరం భీం సంగతి చెబితే తమరికి ఇంకొంచెం ఇబ్బంది కలగవచ్చు. జోడేఘాట్ చుట్టూ ఉన్న పన్నెండు గూడేలకు భూమి మీద, అడవి మీద హక్కు కావాలన్నాడాయన. 1940లో నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాత జరిగింది వినండి. ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోవాలని అదే నిజాం సర్కారు ఆస్ట్రియాకు చెందిన హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి పెట్టుకుంది. ఆయన గోండు గూడేల్లో మకాం వేసి, వాళ్ళ భాష నేర్చి, భూములు ఎలా పోయాయో వివరంగా రాసి సర్కారు ముందు పెట్టాడు. కొందరికి పట్టాలూ వచ్చాయి, మార్లవాయిలో బడీ వచ్చింది. నిజాంను పొగడటానికి ఈ మాట చెప్పడం లేదు. మనిషిని చంపిన సర్కారుకు కూడా, వీడికెందుకు కోపమొచ్చిందో అడిగి తెలుసుకోవాలనే ఆసక్తి కాస్త ఉండింది. దండ వేసే సర్కార్లకు ఆ మాత్రం కూడా లేకపోయె.

అల్లూరికి వద్దాం. భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం, ఆయన పేరున ఒక జిల్లా, ఆయన మీద సినిమాలు. ఒక పెద్ద సినిమా వచ్చాక, అల్లూరీ భీమూ కలిసి వంతెన కింద పిల్లవాణ్ణి కాపాడారని మా బడి పిల్లలు గట్టిగా నమ్ముతున్నారు. వాళ్ళిద్దరూ కలిసిన దాఖలా లేదురా అంటే నన్ను దేశద్రోహిని చూసినట్టు చూస్తారు. మన్యంలో పితూరీ ఎందుకు లేచింది? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది. ఎండుకట్టె ఏరుకోవడం నేరమైంది. ఘాట్ రోడ్డు వేయడానికి గిరిజనులను తోలుకుపోయి సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పీడన అప్పట్లో ఆ కొండల్లో అందరికీ తెలిసిందే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు తీసుకుపోయారంటే దాని వెనక ఉన్నది పోడు, కూలి. రాజుతో పాటు నడిచిన గాం గంటందొర, మల్లుదొరల పేర్లు తమ ప్రసంగంలో రావు. అండమాన్ జైలు చూసి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అడవి హక్కుల కోసం విల్లు పట్టిన మనిషి పార్లమెంటులో కూర్చున్నాడంటే, ప్రజాస్వామ్యం గురించి తమరు చెప్పే అరగంట ఉపన్యాసం కన్నా ఆ ఒక్క సంగతి పిల్లలకు బాగా ఎక్కుతుంది. ఎందుకు వదిలేస్తారో నాకర్థం కాదు. బహుశా దండ వేయడానికి ఆయన విగ్రహం దగ్గర్లో లేక కావచ్చు.

పోడు గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, కొన్ని పట్టాలిచ్చారు, ఇంకా దరఖాస్తులున్నాయి, ఫారెస్టు వాళ్ళు కందకాలు తవ్వుతూనే ఉన్నారు. అల్లూరి పేరు పెట్టిన జిల్లాలో కాన్పు నొప్పులొచ్చిన ఆడవాళ్ళను డోలీ కట్టి మోసుకెళ్ళే గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. నూరేళ్ళ కింద రోడ్డు వేయడానికి వాళ్ళను కొట్టి పని చేయించారు. ఇప్పుడు రోడ్డు కోసం వాళ్ళే అర్జీలు పెట్టుకుంటున్నారు.

పంద్రాగస్టుకు పేరైనా ఒక్కటే ఉంది. తమరు 1948లో నిజాం లొంగిన రోజైన సెప్టెంబర్ 17న కూడా వస్తారు గనక దాని గురించీ మాట్లాడాలి. ఆ రోజు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం వారు విమోచన దినం చేస్తారు. 2022లో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు. ఇది విద్రోహ దినమని నల్లజెండా పట్టేవారూ ఉన్నారు. కర్ర అదే, జెండా అదే, బ్యానరు మాత్రం ఏటికొకటి. ఫ్లెక్సీలు కొట్టే వారికి తప్ప ఈ కొట్లాట వల్ల బాగుపడినవారు మా ఊళ్ళో కనిపించరు.

ఒక్కొక్క పార్టీ ఆ రోజులోంచి తనకు కావలసిన ముక్క కోసుకుని, మిగతాది కుప్పలో పడేస్తుంది. విమోచన అనే వారు రజాకార్ల గురించి చెబుతారు. చెప్పాల్సిందే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిని చుట్టుముట్టి, బురుజు మీద కాపలా కాసినవాళ్ళను చంపి, ఊరివాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ బురుజు ఇవాళ్టికీ నిలబడే ఉంది, వెళ్ళి చూడొచ్చు. అయితే వారి ప్రసంగం సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించడంతో ఆగిపోతుంది. 18వ తేదీ ఉండదు. ఆ తర్వాతి నెలల్లో మరాఠ్వాడా వైపు జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్‌నూ ఖాజీ అబ్దుల్ గఫార్‌నూ పంపింది. నిజాం మీద భారత సైన్యం జరిపిన పోలీసు చర్యప్పుడూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్ళు అంచనా వేశారు. చనిపోయినవారు ఎక్కువమంది మామూలు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బీరువాలోంచి బయటికి రానివ్వలేదు. సమైక్యత అనే వారు మరీ తెలివైనవారు. వారికి రజాకార్లూ గుర్తుండరు, సుందర్‌లాలూ గుర్తుండడు. అందరం కలిసిపోయామంటారు. బైరాన్‌పల్లి ముసలమ్మను గాని ఉస్మానాబాద్ ముసలాయనను గాని అడిగి ఆ మాట అన్నారా అంటే, వారు సభ ముగించి భోజనాలకు లేస్తారు.

షోయబుల్లాఖాన్ అని ఒకాయన ఉండేవాడు. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక ఎడిటర్. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే కాచిగూడలో దారి కాచి, రాసిన చేతిని నరికి, కాల్చి చంపారు. ఇంతకన్నా దేశభక్తుడు ఎక్కడ దొరుకుతాడు? అయినా ఆయన పేరు ప్రసంగాల్లో అరుదు. ఒక ప్రసంగంలో ఆయన మతం ఇమడదు. ఇంకో ప్రసంగంలో ఆయన్ని చంపినవారు ఇమడరు. రెండు పార్టీలకూ పనికిరాకుండా చనిపోవడమే ఆయన చేసిన నేరం.

నిజాం పీడ విరగడైందని కూడా అంటారు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ ఆ నిజామే. ఏటా 50 లక్షల రాజభరణం. రజాకార్లను నడిపిన ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. కొమరయ్య సంఘం వాళ్ళకు మాత్రం విడుదల అంత తొందరగా దొరకలేదు. నిజాం లొంగిన తర్వాత భారత సైన్యం తుపాకులు వాళ్ళ వైపు తిరిగాయి, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించే దాకా. కమ్యూనిస్టు పార్టీ లెక్క ప్రకారం ఆ సాయుధ పోరాటంలో పంచిన భూమి పది లక్షల ఎకరాలు, చనిపోయినవారు నాలుగు వేలు. పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనకాల ఖద్దరు టోపీలు పెట్టుకుని ఊళ్ళకు తిరిగొచ్చారని ఈ చుట్టుపక్కల పెద్దవాళ్ళు చెప్పేవారు. పంచిన భూమిలో ఎంత నిలిచింది, ఎంత వెనక్కి పోయింది అనే ముచ్చట విమోచన సభలోనూ రాదు, సమైక్యత సభలోనూ రాదు. తారీఖు మీద పోట్లాడుకునేవారు భూమి మీద మాత్రం భలే ఐకమత్యంగా ఉంటారు.

ఇది తెలంగాణ జబ్బేనని మా ఆంధ్ర మిత్రులు సంబరపడనక్కర్లేదు. పొట్టి శ్రీరాములుగారి గురించి అక్కడి వక్తలు చెప్పేది ఆయన చివరి 58 రోజులే. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్ష మొదలు, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది, రాష్ట్రం వచ్చింది. అంతకు ముందు ఆయన చేసిన నిరాహార దీక్షలు? 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని చేశారొకటి. అస్పృశ్యత పోవాలని, కలిసి భోంచేయాలని అట్టల మీద రాసి మెడలో వేసుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో తిరిగేవారు. జనం పిచ్చివాడన్నారు. రాష్ట్రం అడిగిన శ్రీరాములు అమరజీవి అయ్యారు. గుడి తలుపు తియ్యమన్న శ్రీరాములు ఏమయ్యారో ఎవరికీ పట్టలేదు. ఒకే మనిషి, ఒకే కడుపు, ఒకే తీరు ఉపవాసం.

ఆయన అడిగినది పూర్తయిందా అంటే 1985 జూలైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనిమిది మంది దళితులను తరిమి, నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. సరిగ్గా తొమ్మిది రోజులకు రాష్ట్రంలోని బడులన్నిటిలో జెండా ఎగిరింది, త్యాగధనుల పేర్లు చదివారు. చుండూరు కేసులో 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. శవాలున్నాయి, చంపినవారు లేరు. పొరుగు దేశం చేసిన దారుణాలు పంద్రాగస్టు ప్రసంగంలో పూసగుచ్చినట్టు వస్తాయి. తెనాలి పక్కనే ఉన్న చుండూరు రాదు.

పింగళి వెంకయ్యగారి గురించి ఒకే ముక్క. ఆయన్ని జెండా వెంకయ్య అన్నట్టే పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవారు, కంబోడియా పత్తి మీద పరిశోధన చేశారు గనక. 2021 డిసెంబర్‌లో పతాక నియమావళి సవరించి మిల్లులో నేసిన పాలిస్టర్ జెండా ఎగరేయవచ్చన్నారు. పత్తి వెంకయ్య జెండా ఇప్పుడు పాలిస్టర్‌ది. మీటింగు పొడుగునా ఆయన్ని పొగిడేది ఆ జెండా కిందే.

సభ మొదట్లో పిల్లలు చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞ కూడా ఒక తెలుగువాడిదే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, విశాఖలో ఖజానా శాఖ ఉద్యోగం చేస్తూ 1962లో రాశారు. దేశమంతా పొద్దున్నే ఆయన వాక్యాలు అప్పజెప్పింది, చాలాకాలం పాఠ్యపుస్తకంలో ఆయన పేరు అచ్చువేయడం మాత్రం మరిచిపోయింది. పోనీ, ఆయన ఏమీ అడగలేదు గనక బతికిపోయాం. గురజాడ అప్పారావుగారితో అలా కుదరదు. తమరు ప్రతి ప్రసంగం చివరా ఆయన దేశభక్తి గేయంలో మట్టీ మనుషులూ ఉన్న పంక్తి చదివి దిగిపోతారు. తక్కిన గేయం కూడా చదివి చూడండి. కడుపునిండా తినాలన్నారు, పాడిపంటలు పెంచాలన్నారు, చేతిపనులు నేర్చి సరుకులు తయారు చెయ్యాలన్నారు. దేశాభిమానినని డప్పు కొట్టుకోవడం మాని ఎవరికైనా ఒక మేలు చేసి చూపమని కూడా అన్నారు. ఆ ముక్క చదివాక మైకు ముందు నిలబడటం ఎవరికైనా కష్టమేనని ఒప్పుకుంటాను.

తమరెందుకిలా చేస్తారో నాకు తెలుసు. ముందు వరుస కుర్చీలే కారణం. వెనక పిల్లలు ఎండలో నిలబడతారు, ముందు ఊరి పెద్దలు కుర్చీల్లో కూర్చుంటారు. కొమరయ్య అడిగిందేమిటో చెబితే ఒక కుర్చీ కదులుతుంది. ఐలమ్మ అడిగింది చెబితే నాలుగు కదులుతాయి, ఎందుకంటే కౌలుకిచ్చినవారు అక్కడే ఉన్నారు. శ్రీరాములుగారి మూలపేట దీక్ష సంగతెత్తితే గుడి కమిటీ వారు గొంతు సవరించుకుంటారు. షోయబుల్లాఖాన్ పేరెత్తితే రెండు వైపులా గుసగుసలు. ఎవరూ కదలకుండా ఉండాలంటే చనిపోయిన తీరు చెప్పాలి, అడిగిన సంగతి దాటెయ్యాలి. అంబేడ్కర్‌గారికి హైదరాబాద్‌లో 125 అడుగుల విగ్రహం పెట్టుకున్నాం, విజయవాడలో అంతే ఎత్తుది ఇంకొకటి. 1951లో ఆయన కేంద్ర మంత్రి పదవి వదిలేశారనీ, ఆడవాళ్ళకు ఆస్తిలో, పెళ్ళిలో హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లును సాగనివ్వకపోవడం అందుకు పెద్ద కారణమనీ పిల్లలకు చెప్పిన అతిథి ఎవరైనా ఉంటే ఆయనకు నేను స్వయంగా శాలువా కప్పుతాను. శాలువా ఖర్చు నాదే.

కాబట్టి విన్నపం ఇదీ. ఈసారి ప్రసంగంలో ఎన్ని పేర్లు చదివినా, ఒక్కో పేరు పక్కన రెండు ముక్కలు కలపండి: ఈ మనిషి ఫలానాది అడిగాడు, అది ఇచ్చాం, లేదా ఇంకా ఇవ్వలేదు. ఇచ్చినవి ఉన్నాయి. వెట్టి పోయింది, జాగీర్లు పోయాయి, గుడి తలుపులు చట్టప్రకారం తెరుచుకున్నాయి. అవి గర్వంగా చెప్పండి, మేమూ చప్పట్లు కొడతాం. ఇవ్వనివి కూడా అదే గొంతుతో చెప్పండి. పోడు పట్టా రానివారు, కౌలు కార్డు లేనివారు ఆ సభలోనే వెనక వేపచెట్టు కింద నిలబడి ఉంటారు. వాళ్ళకు కొత్త సంగతేమీ కాదు గాని, మైకులోంచి వినడం కొత్తగా ఉంటుంది. పదకొండు లోపు ముగిస్తే పిల్లలు పడిపోకుండా ఉంటారు.

ఈ పద్ధతి తమకు కుదరదంటే ఇబ్బంది పడకండి. జెండా ఎగరేసి, జాతీయ గీతం అయ్యాక, బూందీ పొట్లాలు తమ చేత్తో పంచి వెళ్ళిపోండి. ప్రసంగం లేదని మా ఊళ్ళో ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లలైతే మరీ సంతోషిస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ పంతులు